డ్యూటీలో నిద్రమత్తు: స్టీరింగ్ పట్టకముందే తేల్చుకోవాల్సినవి

నిద్రతో తూగుతున్న డ్రైవర్‌ని పలకరిస్తే "ఏం పర్లేదు, ఇంకో గంట లాగించేస్తా" అంటాడు. అతను అబద్ధమాడటం లేదు, నిజంగానే అలా అనిపిస్తుంది. నిద్ర చాలనప్పుడు చేతులు, కళ్లు నెమ్మదించడమే కాదు, మనం ఎంత నెమ్మదించామో చెప్పే తెలివి కూడా మొద్దుబారుతుంది. 2003లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధనలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లను రెండు వారాలపాటు రోజుకి ఆరు గంటలే పడుకోనిచ్చారు. చివరికి వాళ్ల చురుకుదనం రాత్రంతా అసలు నిద్రే పోనివాళ్ల స్థాయికి దిగజారింది. ఎలా ఉందని అడిగితే మాత్రం, కాస్త మత్తుగా ఉంది, అంతే అన్నారు.

అందుకే ఈ మార్గదర్శి అంతా ఒకే సూత్రం మీద నడుస్తుంది. పడుకోవాలా, ఆపాలా, డాక్టర్ దగ్గరికి వెళ్లాలా అనేవి పూర్తి మెలకువలో ఉన్నప్పుడే తేల్చుకోవాలి. రోడ్డు మీద కళ్లు మూతలు పడుతున్నప్పుడు తీసుకునే నిర్ణయాన్ని నమ్మడానికి లేదు. లారీ, బస్సు, ట్యాక్సీ, డెలివరీ వ్యాను, ఏది నడిపేవారికైనా ఇది వర్తిస్తుంది. చివరి భాగం మాత్రం డ్యూటీలు వేసే ఓనర్లకు, మేనేజర్లకు.

ముందు ఆ కునుకు సంగతి

డ్రైవర్లు "రెప్ప వాలింది" అనేది కొన్ని సెకన్ల నిద్ర. కళ్లు తెరిచి ఉన్నా ఇది రావచ్చు. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 25 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్ల కునుకు అంటే వంద మీటర్లు నడిపేవాడు లేకుండా వెళ్లిన బండి అన్నమాట. నిద్ర వల్ల జరిగే ప్రమాదాల్లో చాలాసార్లు బ్రేక్ గుర్తులు కూడా కనిపించకపోవడానికి ఇదే కారణం. మద్యం తాగినవాడు ఆలస్యంగానైనా బ్రేక్ వేస్తాడు. నిద్రపోయినవాడు అసలు వేయడు.

మద్యంతో పోలిక ఊరికే తెచ్చింది కాదు. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు కొలిచి చూశారు. వరుసగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషితో సమానంగా తేలింది. 24 గంటలైతే అది 0.10 శాతం దగ్గరికి వెళ్లింది. చాలా దేశాల్లో 0.05 శాతానికే లైసెన్స్ మీదికి వస్తుంది. పొద్దున్న ఐదింటికి లేచి రాత్రి పదింటికి ఇంకా స్టీరింగ్ దగ్గరే ఉన్నవాడిని మాత్రం ఏ మిషన్‌లోనూ ఊదించరు.

మొదటి మెట్టు: రెండు వారాల నిద్ర లెక్క

చిన్న పుస్తకమైనా, ఫోన్‌లో నోట్ అయినా చాలు. రోజూ నాలుగు విషయాలు రాయండి: ఎప్పుడు పడుకున్నారు, ఎప్పుడు లేచారు, మధ్యలో ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, డ్యూటీ ఏ టైమ్‌లో నడిచింది. పగటి కునుకులు కూడా రాయాలి. మంచం మీద గడిపిన గంటలు వేరు, నిద్రపోయిన గంటలు వేరు. రాయాల్సింది రెండోది.

రెండు వారాల తర్వాత చూసుకుంటే విషయం సాధారణంగా మూడింటిలో ఒకటిగా తేలుతుంది. నిద్ర గంటలు ఏడుకి తగ్గుతూ ఉంటే కారణం నిద్ర లోటు. గంటలు సరిపోయినా పడుకునే వేళలు రోజుకోరకంగా ఉంటే కారణం డ్యూటీ టైమింగ్. గంటలూ, వేళలూ బాగానే ఉండి, లేచినప్పుడు మాత్రం అసలు పడుకోనట్టే ఉంటే నిద్రలోనే ఏదో తేడా ఉంది. ఈ మూడో రకాన్ని చాలామంది వయసు మీద పడిందనో, పని ఎక్కువైందనో వదిలేస్తారు. దాని గురించి కింద కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మందు దొరికే జబ్బు అదే.

రెండో మెట్టు: మత్తుకి మార్కులు వేసుకోవడం

మెల్‌బోర్న్‌లోని ఎప్‌వర్త్ ఆసుపత్రిలో డాక్టర్ ముర్రే జాన్స్ 1991లో ఒక చిన్న ప్రశ్నాపత్రం తయారుచేశారు. ప్రపంచమంతా దాన్ని ఎప్‌వర్త్ స్కేల్ అంటారు. అందులో ఎనిమిది సందర్భాలు ఉంటాయి. కూర్చుని చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, గంటసేపు వాహనంలో ప్రయాణికుడిగా కూర్చున్నప్పుడు, ఎవరితోనో మాట్లాడుతున్నప్పుడు, ట్రాఫిక్‌లో బండి కాసేపు ఆగినప్పుడు, ఇలాంటివి. ఒక్కోదానిలో కునుకు పట్టే అవకాశం ఎంతో 0 నుంచి 3 వరకు మార్కులు వేసుకోవాలి. మొత్తం 24. పది దాటితే పగటి నిద్రమత్తు మామూలు కంటే ఎక్కువ ఉన్నట్టు. పదహారు, ఆ పైన వస్తే తేలిగ్గా తీసుకోకూడదు.

ఈ స్కేల్‌తో ఒక చిక్కుంది. ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఉన్నవాడు అన్నిటికీ సున్నా వేస్తాడు. అందుకని మీ కోసం మీరు, ఎవరికీ చూపించకుండా నింపండి. తర్వాత అదే కాగితం ఇంట్లోవాళ్లకి ఇచ్చి మీ గురించి నింపమనండి. రెండిటికీ పెద్ద తేడా వస్తే ఇంట్లోవాళ్ల లెక్కే నమ్మాలని నా అభిప్రాయం. మీరు కునికేటప్పుడు చూసేది వాళ్లే.

మార్కులు ఎలా ఉన్నా, ఈ మూడింటిలో ఏ ఒక్కటి జరిగినా మీ విషయం తీవ్రమైనదే. నడుపుతూ ఒక్కసారైనా నిద్రపోవడం. గత కొన్ని కిలోమీటర్లు ఎలా వచ్చామో గుర్తుకు రాకపోవడం తరచూ జరగడం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వెనకాలవాళ్లు హారన్ కొడితే గానీ తెలివి రాకపోవడం.

మూడో మెట్టు: గురకను సీరియస్‌గా తీసుకోవడం

నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోవడాన్ని స్లీప్ ఆప్నియా అంటారు. పది సెకన్లు, అంతకు మించి ఊపిరి ఆగుతుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. మెదడు కంగారుగా లేపుతుంది, ఒక పెద్ద గుర్రుతో ఊపిరి అందుతుంది, మళ్లీ నిద్ర. రాత్రంతా ఇదే తంతు. పొద్దున్నకి ఆ మనిషికి ఒక్కటీ గుర్తుండదు. ఎనిమిది గంటలు పడుకున్నాననే అనుకుంటాడు, నిజానికి గాఢనిద్ర ఎక్కడా సాగలేదు.

డ్రైవింగ్ వృత్తికీ దీనికీ దగ్గరి సంబంధం ఉంది. రోజంతా కూర్చునే పని, వేళకాని తిండి, బరువు పెరగడం, మెడ లావెక్కడం. వీటన్నిటితో గాలి దారి ఇరుకవుతుంది. అయితే సన్నగా ఉన్నవాళ్లకీ ఇది వస్తుంది. దవడ నిర్మాణం, టాన్సిల్స్ కూడా కారణం కావచ్చు. కాబట్టి "నాకు పొట్ట లేదుగా" అని వదిలేయకండి.

డాక్టర్లు వాడే స్టాప్-బ్యాంగ్ అనే ఎనిమిది ప్రశ్నల పట్టీ ఇంట్లోనే వేసుకోవచ్చు. పక్క గదికి వినిపించేంత గురక ఉందా? పగలు అలసటగా, మత్తుగా ఉంటుందా? నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా? బీపీ ఉందా? బీఎమ్‌ఐ (ఎత్తుతో పోల్చి బరువు చూసే లెక్క) 35 దాటిందా? వయసు 50 దాటిందా? మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా? మగవారా? మూడు, నాలుగు అవుననే జవాబులు వస్తే మధ్యస్థ ప్రమాదం, ఐదు, ఆ పైన వస్తే ఎక్కువ. ఇది రోగనిర్ధారణ కాదు, పరీక్షకి వెళ్లాలా వద్దా అనేది చెబుతుంది. ఒంటరిగా పడుకునేవాళ్లు ఫోన్‌లో రాత్రి గురక రికార్డ్ చేసి పట్టుకెళ్తే డాక్టర్‌కి బాగా పనికొస్తుంది. పొద్దున్నే తలనొప్పి, నోరెండిపోవడం, రాత్రి పదేపదే మూత్రానికి లేవడం ఉంటే అవి కూడా చెప్పండి.

పరీక్ష పేరు స్లీప్ స్టడీ. ల్యాబ్‌లో ఒక రాత్రి పడుకుని చేయించుకోవచ్చు. చాలామందికి చిన్న పరికరం ఇచ్చి ఇంట్లోనే పడుకోమంటారు. గంటకు సగటున ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో రిపోర్టులో ఉంటుంది. ఐదు నుంచి పదిహేను లోపు స్వల్పం, ముప్ఫై లోపు మధ్యస్థం, ఆ పైన తీవ్రం.

మధ్యస్థం, తీవ్రం అయితే సాధారణంగా సీపాప్ మిషన్ రాస్తారు. ముక్కుకి మాస్క్ పెట్టుకుని పడుకుంటే గాలి ఒత్తిడితో గొంతు దారి తెరిచి ఉంచుతుంది. మొదటి రోజుల్లో చిరాకు వేస్తుంది. మాస్క్ జారుతుంది, గాలి కళ్లలోకి కొడుతుంది, ముక్కు ఎండుతుంది. ఇక్కడే చాలామంది మిషన్‌ని అటక మీద పెట్టేస్తారు. అలా చేయకుండా మాస్క్ సైజు మార్పించండి, గాలికి తేమ చేర్చే అమరిక పెట్టించండి, పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకుని అలవాటు చేసుకోండి. రాత్రికి కనీసం నాలుగు గంటలు, పది రాత్రుల్లో ఏడింటికి తగ్గకుండా వాడితేనే వాడినట్టుగా చాలాచోట్ల లెక్కేస్తారు. నిజానికి నిద్రపోయినంతసేపూ ఉండాలి. వాడటం ఆపితే మత్తు త్వరగానే తిరిగొస్తుంది కాబట్టి, దూరం ట్రిప్పుకి వెళ్లేవాళ్లు క్యాబిన్‌లో కరెంటు ఏర్పాటు చూసుకుని మిషన్ వెంట తీసుకెళ్లాలి. స్వల్ప స్థాయిలో ఉన్నవాళ్లకి బరువు తగ్గడం, పక్కకి తిరిగి పడుకోవడం, దవడని ముందుకు పట్టి ఉంచే నోటి పరికరం సరిపోవచ్చు.

ఉద్యోగం సంగతేంటన్నది అందరికీ ఉండే భయం. యూరప్ నిబంధనల్ని చూడండి. అక్కడ మధ్యస్థ, తీవ్ర ఆప్నియాతో పాటు పగటి మత్తు కూడా ఉందని తేలితే లైసెన్స్ ఆగుతుంది. కానీ చికిత్సతో అదుపులోకి వచ్చి, మత్తు తగ్గిందని డాక్టర్ చెబితే తిరిగి ఇస్తారు. లారీ, బస్సు డ్రైవర్లు ఏడాదికోసారి చూపించుకుంటే చాలు. అంటే జబ్బు బయటపడటంతో వృత్తి ముగిసిపోదు. మీరున్న చోట నిబంధన ఏమిటో పరీక్షకి ముందే కనుక్కుంటే టెన్షన్ తగ్గుతుంది.

గురక లేకపోయినా పగలు ఉన్నట్టుండి ఆపుకోలేని నిద్ర రావడం, గట్టిగా నవ్వినప్పుడు మోకాళ్లు సడలిపోవడం ఉంటే అది నార్కోలెప్సీ కావచ్చు. అరుదైనదే. కానీ నిర్ధారణ అయ్యేదాకా బండి ముట్టకూడదు.

నాలుగో మెట్టు: మందుల డబ్బా వెతకడం

జలుబు, దురద, దగ్గు కోసం వాడే పాత రకం అలర్జీ మందులు, ముఖ్యంగా క్లోర్‌ఫెనిరమైన్, డైఫెన్‌హైడ్రమైన్ ఉన్నవి, మత్తు తెస్తాయి. రాత్రి వేసుకున్నది పొద్దున్నకీ మిగిలి ఉండొచ్చు. నిద్రమాత్రలు, ఆందోళనకిచ్చే మందులు, కొన్ని నొప్పి మాత్రలూ అంతే. మందులు కొనేటప్పుడు "నేను డ్రైవర్‌ని" అని ఒక్క మాట చెప్పండి, మత్తు తక్కువున్న రకం చాలాసార్లు దొరుకుతుంది. డాక్టర్ రాసిన మందుని మీ అంతట మీరు ఆపేయకండి, మార్చమని అడగండి.

నిద్ర కోసమని పెగ్గు వేసుకునేవాళ్లకి ఒక మాట. మద్యం త్వరగా నిద్రపుచ్చుతుంది గానీ రెండో సగం నిద్రని ముక్కలు చేస్తుంది, గురకని పెంచుతుంది. నిద్ర చాలనివాడు తాగితే కొద్దిపాటి మద్యమే ఎక్కువ పనిచేస్తుంది.

ఐదో మెట్టు: పగటి నిద్రని కాపాడుకోవడం

నైట్ డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్లకి నిద్ర సాధారణంగా తక్కువే పడుతుంది. ఒంట్లోని గడియారం పగలు లేచి ఉండమంటుంది కాబట్టి ఐదారు గంటలకే మెలకువ వచ్చేస్తుంది. దీన్ని పూర్తిగా సరిచేయలేం, కొంత దారికి తేవచ్చు.

డ్యూటీ దిగిన వెంటనే పడుకోండి. ఇంటికొచ్చి పనులు చక్కబెట్టి పదకొండింటికి పడుకుందామంటే ఆ నిద్ర నిలవదు. గది వీలైనంత చీకటిగా, చల్లగా ఉండాలి. కిటికీకి మందపాటి తెర లేకపోతే కళ్లకి గుడ్డ కట్టుకున్నా చాలు. ఫోన్ సైలెంట్‌లో పెట్టి వేరే గదిలో ఉంచండి. ఇంట్లోవాళ్లకి మీ నిద్ర వేళ రాత్రి నిద్రతో సమానమని తెలియాలి. అర్ధరాత్రి రెండింటికి మిమ్మల్ని ఎవరూ లేపి గ్యాస్ బండ గురించి అడగరు కదా, మీ పగటి నిద్రకీ అదే మర్యాద దక్కాలి. ఆ నిద్ర తక్కువైతే, సాయంత్రం డ్యూటీకి ముందు గంటన్నర పడుకోండి. రెండు నిద్రలు కలిపి ఏడు గంటలు దాటేలా చూసుకోవాలి.

కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. అందుకని పడుకోబోయే వేళకి ఆరు గంటల ముందే టీ, కాఫీ ఆపేయాలి.

ఆరో మెట్టు: ట్రిప్పుకి ముందే ఆగే చోట్లు రాసుకోవడం

నిద్ర ఒత్తిడి రోజుకి రెండుసార్లు ఎక్కువగా ఉంటుంది: తెల్లవారుజామున సుమారు రెండు నుంచి ఆరు వరకు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు. మధ్యాహ్నం మత్తు అన్నం వల్లే అనుకుంటాం. కడుపునిండా తింటే ఎక్కువవుతుందన్నది నిజమే, కానీ తినకపోయినా ఆ వేళకి చురుకు తగ్గుతుంది. రూట్ కాగితం మీద ఈ రెండు కాలాల్నీ గుర్తు పెట్టండి. ఆ గంటల్లో బండి ఎక్కడ ఉంటుందో చూసి, వెలుతురు, జనం ఉండి, బండి భద్రంగా నిలిపే చోటు ముందే ఎంచుకోండి. చోటు తెలియకపోవడం వల్లే చాలామంది "ఇంకాస్త ముందుకెళ్లి ఆపుదాం" అంటూ పోతారు.

విరామం ఎంత ఉండాలన్నదానికి యూరప్ నియమం మంచి కొలత. నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాల విరామం తప్పనిసరి. మామూలుగా రోజుకి తొమ్మిది గంటలకి మించి నడపకూడదు. అమెరికాలో సరుకు లారీ డ్రైవర్ పది గంటలు వరుసగా విశ్రాంతి తీసుకున్నాకే పదకొండు గంటల వరకు నడపాలి. అవి గరిష్ఠ పరిమితులు. రెండు గంటలకోసారి దిగి నడిస్తే ఇంకా మంచిది, నిద్ర తీరదు గానీ ఒళ్లు సడలుతుంది.

బయల్దేరే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. గత 24 గంటల్లో కనీసం ఐదు గంటలు పడుకున్నానా? గత 48 గంటల్లో పన్నెండు గంటలైనా పడుకున్నానా? ఏ ఒక్కదానికి కాదని వచ్చినా బండి తీయకండి, పడుకున్నాకే ట్రిప్పు.

ఏడో మెట్టు: దారిలో రెప్ప బరువెక్కితే

ఈ గుర్తుల్లో ఏ రెండు కనిపించినా ఆపేయాలని ముందే ఒట్టు పెట్టుకోండి: వరుస ఆవలింతలు, కళ్లు మంట, తల ముందుకు వాలడం, లేన్ గీత మీదికి పోవడం, వేగం తనంతట తనే పెరిగి తగ్గడం, తిరగాల్సిన మలుపు దాటిపోవడం. తల ఒక్కసారి ఊగి ఉలిక్కిపడి లేచారంటే రెండో గుర్తు కోసం చూడక్కర్లేదు. ఆ ఉలికిపాటుకి కాసేపు బాగా మెలకువ వచ్చినట్టు ఉంటుంది, మోసం చేసేది అదే.

ఆపాక చేయాల్సింది ఇది. రోడ్డు అంచున కాదు, మీరు ఎంచుకున్న చోట ఆపండి. ఇంజిన్ కట్టేసి తలుపులు లాక్ చేయండి. ఒకటి రెండు కప్పుల కాఫీ త్వరగా తాగేయండి. వెంటనే 15 నుంచి 20 నిమిషాలకి అలారం పెట్టి పడుకోండి. కెఫీన్ పనిచేయడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది కాబట్టి మీరు లేచేసరికి అది అందుకుంటుంది. బ్రిటన్‌లోని లాఫ్‌బరో యూనివర్సిటీలో సిమ్యులేటర్ (రోడ్డెక్కకుండానే నడిపించి చూసే యంత్రం) మీద పరీక్షించినప్పుడు కాఫీ, కునుకు కలిపితే, కాఫీ ఒక్కటే ఇచ్చినదానికన్నా మంచి ఫలితం వచ్చింది. నిద్ర పట్టకపోయినా కళ్లు మూసుకుని పడుకోండి. అరగంట దాటి పడుకుంటే గాఢనిద్రలోంచి లేవాల్సి వస్తుంది, ఆ మబ్బు తేలడానికి టైమ్ పడుతుంది. ఎలా లేచినా వెంటనే స్టీరింగ్ పట్టకండి. దిగి ముఖం కడుక్కుని, పది పదిహేను నిమిషాలు అటూ ఇటూ నడిచాకే బయల్దేరండి.

దీని ప్రభావం గంట, రెండు గంటలు. గమ్యానికి ఐదు గంటల దూరం ఉంటే కునుకు సరిపోదు, పూర్తి నిద్రే కావాలి. రెండోసారి మత్తు వచ్చిందంటే ఆ రోజుకి డ్రైవింగ్ అయిపోయినట్టే.

అద్దం దించడం, పాటల సౌండ్ పెంచడం, చెంపల మీద కొట్టుకోవడం, చూయింగ్ గమ్, సిగరెట్ గురించి అందరూ చెబుతారు. చల్లగాలి, రేడియోలను అదే యూనివర్సిటీవాళ్లు పరీక్షించారు. కాసేపు కొద్దిగా పనిచేసి తేలిపోయాయి. ఆపే చోటు చేరేదాకా వాడుకోండి, అంతకు మించి వాటి మీద ఆధారపడకండి. నిద్ర రాకుండా చేసే మాత్రల జోలికి అసలు వెళ్లకండి. వాటి ప్రభావం దిగేటప్పుడు నిద్ర ఒక్కసారిగా మీద పడుతుంది.

కొత్త బండ్లలో మత్తుని పసిగట్టి హెచ్చరించే పరికరాలు వస్తున్నాయి. 2024 జూలై నుంచి యూరప్‌లో అమ్మే కొత్త వాహనాలన్నిటిలో ఇది తప్పనిసరి. అలారం మోగిందంటే మత్తు అప్పటికే వచ్చిందని అర్థం. దాన్ని ఆపేయడం కాదు, బండిని ఆపాలి.

ఓనర్లు, మేనేజర్లు చేయాల్సింది

పైన చెప్పినవన్నీ డ్రైవర్ ఒక్కడి మీద వేస్తే అన్యాయం. ట్రిప్పుల లెక్కన డబ్బులిచ్చి, ఆలస్యానికి కోత పెట్టి, "నిద్రొస్తే ఆపండి" అని క్యాబిన్‌లో స్టిక్కర్ అంటిస్తే ఎవరూ ఆపరు.

డెలివరీ టైమ్ వేసేటప్పుడు విరామాలు కలిపే వేయండి. రెండు డ్యూటీల మధ్య కనీసం పదకొండు గంటలు వదలండి. ఇంటికి వెళ్లి, తిని, పడుకుని, మళ్లీ రావడానికి అంత పడుతుంది. వారంలో పగలూ రాత్రీ కలగాపులగం చేయకుండా, షిఫ్టు మార్చాల్సి వస్తే పొద్దుటి నుంచి మధ్యాహ్నానికి, అక్కడి నుంచి రాత్రికి ముందుకే జరపండి. ఇద్దరు డ్రైవర్లున్న బండిలో కూడా, కదిలే క్యాబిన్‌లో పడుకున్న నిద్ర మంచం మీది నిద్రకి సరిసాటి కాదని గుర్తుంచుకుని గంటలు లెక్కించండి.

ఏటా జరిపే మెడికల్ చెకప్‌లో మెడ కొలత, బీపీ, గురక ప్రశ్నలు చేర్చండి. దీనికి ఖర్చేమీ లేదు. ఆప్నియా తేలిన డ్రైవర్‌కి చికిత్స కుదిరేదాకా డిపోలోనో ఆఫీసులోనో పని ఇస్తే, మిగతావాళ్లూ దాచకుండా పరీక్షకి వస్తారు. కునుకు పట్టి తృటిలో తప్పిన సంఘటనలు చెప్పినవాడికి శిక్ష ఉండకూడదు. ఏ రూట్‌లో, ఏ టైమ్‌లో ఎక్కువ వస్తున్నాయో రాసి పెట్టుకుంటే, మార్చాల్సిన డ్యూటీ షీట్ ఏదో అదే చూపిస్తుంది.

చివరగా, నైట్ డ్యూటీ దిగి సొంత బండి మీద ఇంటికెళ్లే దారి. కంపెనీ లెక్కల్లో అది ఎక్కడా ఉండదు, కానీ డ్రైవర్ అప్పటికి రాత్రంతా మేలుకొని ఉన్నాడు. డిపోలో చీకటిగా ఉండే ఒక పడకగది ఏర్పాటు చేయండి, లేదా ఇంటికి దింపే వ్యాను పెట్టండి. రెండూ కుదరకపోతే, ఇరవై నిమిషాలు పడుకున్నాకే గేటు దాటాలని డ్యూటీ షీట్‌లోనే రాయండి, ఆ ఇరవై నిమిషాలకీ జీతం కట్టండి.